రెండో రౌండు

మా అత్తయ్య నాతో పోట్లాడటం మానేసింది. నా అనుమానం అక్కడ మొదలైంది.

పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడకీ నాకూ రోజుకో తగువు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెర రంగు దాకా ఆవిడ ఎడ్డెమంటే నేను తెడ్డెమంటాను. ఆఖరికి ఎంత అలవాటైపోయిందంటే, తగువు లేని రోజున ఇద్దరికీ ఏమీ తోచేది కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి వెన్నముద్దలా మెత్తబడింది. ఆస్పత్రి నుంచి వచ్చి చెప్పులు గది మధ్యలో విసిరేస్తే కిక్కురుమనకుండా తీసి గోడ పక్కన పెట్టింది. కూర నోట పెట్టలేకపోతున్నానని కంచం తోసేస్తే, "పోనీలేమ్మా, రేపు ఇంకోటి చేస్తాను" అంది. అమ్మా అట! ఇన్నేళ్లూ లేని ప్రేమ ఇప్పుడెక్కడ పుట్టుకొచ్చింది? నిప్పు లేనిదే పొగ రాదు.

నేను డాక్టర్ని. అనుమానించడం నా వృత్తి. కడుపులో మంట అని వచ్చినవాడి గుండెని అనుమానించాలి. మందులన్నీ వేళకు వేసుకుంటున్నానన్న వాడి కళ్లలోకి చూసి అనుమానించాలి. అప్పుడప్పుడూ మాత్రమే తాగుతానన్న వాడి 'అప్పుడప్పుడూ'ని మరీ అనుమానించాలి. అలా నమ్మకుండా ఉండబట్టే చాలామంది బతికి బట్ట కట్టారు. అందుకని అత్తయ్య మంచితనాన్ని కూడా నేను తేలిగ్గా వదల్లేదు. ఏదో జరుగుతోంది, నాకు తెలియకుండా జరుగుతోంది అనుకున్నాను.

ఆస్పత్రిలో మెడికల్ వార్డు నాది. నాది అంటే నా పేరున రాసివ్వలేదు, కానీ దాన్ని నిలబెట్టింది నేను. ఒకప్పుడు ఆ వార్డుకి వెళ్తే తిరిగి రారనేవాళ్లు. ఇప్పుడు వేరే ఊళ్ల నుంచి వెతుక్కుంటూ వస్తారు. నాతో పాటు పనిచేసే ఇద్దరు డాక్టర్లు ఒకరి వెనక ఒకరు మానేసి వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు. పక్క వార్డు కూడా నా నెత్తిన పడింది. మా పెద్దాయన, అంటే ఆస్పత్రి పెద్ద డాక్టరు, ఎలాగమ్మా అని తల పట్టుకుంటే, నేనున్నానుగా అన్నాను. ఆ మాట అన్నందుకు అప్పట్లో ఎంత పొంగిపోయానో చెప్పలేను.

అప్పట్నుంచీ నిలబడే తింటున్నాను, నడుస్తూనే ఫోన్లు మాట్లాడుతున్నాను. రాత్రి పడుకుంటే నిద్ర రాదు, పొద్దున లేస్తే ఒళ్లు లేవదు. ఒకప్పుడు వార్డులో మనిషి పోతే ఇంటికొచ్చాక ముద్ద దిగేది కాదు. ఇప్పుడు ఆ మంచం ఎప్పుడు ఖాళీ చేస్తారా అని చూస్తున్నాను. గుండె రాటుదేలింది, అనుభవమంటే ఇదే కాబోలు అని సరిపెట్టుకున్నాను. నోరు కూడా బాగా పెరిగింది. నా వెనకాల జూనియర్లు నన్ను 'సైరన్' అంటారని నాకు తెలుసు. అననీ. సైరన్ వినబడితే దారైనా ఇస్తారు.

మా వార్డులో ఒక పద్ధతుంది. అది నేను పెట్టిందే. రౌండులో ఒక్కో మంచం దగ్గర ఏ మందు ఇవ్వాలో నేను నోటితో చెప్తాను. సిస్టర్ ఆ మాటని ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాలి. నేను 'ఊ' అంటాను. ఆ 'ఊ' పడ్డాకే మందు రోగి ఒంట్లోకి వెళ్లాలి. ఒకసారి ఒక కొత్త సిస్టర్, చిన్నపిల్ల, అప్పజెప్పడం మానేసి, "మేడమ్, ఈవిడకి నిన్న ఆపమన్న మందే మళ్లీ చెప్తున్నారేమో" అంది. అందరి ముందూ! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రానికల్లా ఆ పిల్లని కట్లు కట్టే విభాగానికి పంపించేశాను. తర్వాత ఎవరూ నోరెత్తలేదు. వార్డు ప్రశాంతంగా ఉంది అనుకున్నాను.

కానీ ఆ ప్రశాంతత కూడా నాకు నచ్చలేదు. నేను వార్డులోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోతున్నాయి. పెద్ద సిస్టర్, నాతో పాటే జుట్టు నెరిసిన మనిషి, నేను చెప్పింది ఒకసారి అప్పజెప్పాల్సింది రెండుసార్లు అప్పజెప్తోంది. నాకేమైనా చెవుడా? ఒకరోజు ఆయాసంతో చేరిన ఒక ముసలమ్మ మనవరాలు నన్ను పట్టుకుని తెగ పొగిడింది. ఈ ఆస్పత్రిలో చూసినంత బాగా ఎక్కడా చూడరట. పొద్దున నేను ఒకసారి, మధ్యాహ్నం ఆ డాక్టరుబాబు ఇంకోసారి, రోజుకి రెండేసి రౌండ్లట.

మా వార్డులో రెండో రౌండు అనేదే లేదు.

ఆ డాక్టరుబాబు ఎవరో నాకు వేరే చెప్పక్కర్లేదు. నా జూనియర్. వాడికి నేను పెట్టిన పేరు బుద్ధిమంతుడు. నోట్లో నాలుక లేని మనిషి, చెప్పింది చేస్తాడు, చెప్పనిది కూడా చేసి పెడతాడు. చదువు పూర్తి కాగానే నా దగ్గర చేరాడు. ఛాతీ మీద చెవి పెట్టి ఏది ఊపిరి, ఏది నీరు అని విడదీయడం నేను నేర్పిందే. ఏకు మేకవడమంటే ఇదే కదా! నేను వెనక్కి తిరగ్గానే నా రోగుల దగ్గరికి వెళ్లి, నేను చెప్పింది మార్చి, మంచివాడు అనిపించుకుంటున్నాడు. నా వార్డు మీద కన్నేశాడు.

ఒకసారి అనుమానం పడితే దారిన పోయే ప్రతిదీ వచ్చి దానికి అతుక్కుంటుంది. బుద్ధిమంతుడు పెద్దాయన గదిలోకి వెళ్తే తలుపు మూసుకుంటోంది. పెద్దాయన నన్ను పిలిచి, కొన్నాళ్లు సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్లి రండమ్మా అన్నాడు. మా నాన్న పోయినప్పుడు కూడా, మీరు లేకపోతే ఎలా అని వెంటనే వెనక్కి రప్పించిన మనిషి! అడిగితే ఇవ్వనివాడు అడక్కుండా ఇస్తానంటే అందులో ఏదో తిరకాసు ఉంటుంది. నేను ఇటు వెళ్తే అటు కుర్చీ మారిపోతుంది. అక్కర్లేదండీ, నేను బాగానే ఉన్నాను అని చెప్పి వచ్చేశాను.

ఇంట్లో మా ఆయన సంగతి ఇంకా విడ్డూరం. కాలేజీలో లెక్కలు చెప్తాడు. బండి నడపడమంటే ఆయనకి ప్రాణసంకటం. అలాంటిది, రోజూ నేనే దింపుతాను, నేనే తీసుకొస్తాను అని నా కారు తాళాలు తన జేబులో వేసుకున్నాడు. ఎందుకంటే, "ఊరికే, నీతో మాట్లాడుకుంటూ వెళ్లొచ్చని" అన్నాడు. పెళ్లయిన కొత్తలోనే లేని సరసం ఇప్పుడా? దారంతా నా ముఖం వంక చూస్తాడు, మాట్లాడడు. ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేస్తాడు. ఒకనాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బల్ల మీద ఆ ఫోన్ మోగింది. తెర మీద చూస్తే నా జూనియర్ పేరు.

నేను తీయలేదు. మోగి మోగి ఆగిపోయే దాకా చూస్తూ నిలబడ్డాను. లెక్కల మాస్టారికి నా బుద్ధిమంతుడితో ఏం పని? వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఫోన్ వంకా నా వంకా చూసి, గభాలున లోపలికి తప్పుకుంది. అప్పుడు అర్థమైంది. అందరూ ఒకటయ్యారు. ఇల్లూ ఆస్పత్రీ కలిసి చాప కింద నీరులా నా కాళ్ల కిందికి వస్తున్నాయి. ఆ వార్డు పోతే నాకింకేం మిగులుతుంది? నేనంటే ఆ వార్డే. అది లేకపోతే నేను ఇంట్లో అత్తయ్యతో కంచాల దగ్గర తగువులాడుకునే ఇంకో ముసలిదాన్ని అవుతాను. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఆ భయం కోపంగానే బయటికి వచ్చింది, నాకు వేరే దారి తెలియదు.

దొంగని పట్టాలంటే ఎర వేయాలి. నేనూ వేశాను.

అప్పుడు వార్డులో ఒక టైలరు ఉండేవాడు. కాలికి దెబ్బ తగిలి, చీము పట్టి, మోకాలి దాకా వాచిపోయి జ్వరంతో చేరాడు. పెద్ద వయసే గానీ చమత్కారి. మంచం మీద పడుకునే అందరి కొలతలూ కళ్లతో తీసేవాడు. పెద్దాయన కోటు ఎడమవైపు లాగుతోందని, పొట్ట పెరిగిన సంగతి ఆయనకింకా తెలియదని నర్సుల్ని నవ్వించేవాడు. నన్ను చూసి మాత్రం నవ్వించడానికి ప్రయత్నించలేదు. మీరు బాగా చిక్కారమ్మా, కోటు భుజాలు దిగిపోయాయి అన్నాడు. నా భుజాల సంగతి నీకెందుకు, నీ కాలు చూసుకో అన్నాను.

ఎరకి ఆ మంచాన్నే ఎంచుకున్నాను. ఆయనకి రోజుకి ఒకటి చొప్పున ఇస్తున్న బలం మాత్ర ఉంది. దాన్ని కావాలని మూడు పూటలా ఇవ్వమని చెప్తాను. నాలుగు రోజులు అలా వేసుకున్నా ఎవరికీ ఏమీ కాదు. కానీ అది తప్పని చదువుకున్న ప్రతివాడికీ తెలుస్తుంది. మధ్యాహ్నానికల్లా అది మళ్లీ ఒకటికి మారిందంటే నా వెనక నా మాట దిద్దుతున్నారని రుజువైనట్టే. అప్పుడు అందర్నీ నిలబెట్టి కడిగేద్దామని, అనాల్సిన మాటలు కూడా అద్దం ముందు నిలబడి సిద్ధం చేసుకున్నాను. రోగి మందుతో ఆటలాడటం ఏమిటన్న ఆలోచన నాకు రానేలేదు.

ఆరోజు రౌండులో టైలరు మంచం దగ్గరికి వచ్చాను. ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాను. కాలు నొక్కి చూశాను. జ్వరం ఇంకా తగ్గలేదు. పాత మందు పనిచేస్తున్నట్టు లేదని, అది ఆపేసి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టమన్నాను. ఆ తర్వాత, ఏమీ ఎరగనట్టు, బలం మాత్ర మూడు పూటలా అన్నాను.

పెద్ద సిస్టర్ అప్పజెప్పింది. ఇంజెక్షన్, మాత్ర. అప్పజెప్పి ఆగింది. నా ముఖంలోకి చూసింది. మళ్లీ మొదటినుంచీ ఇంకా నెమ్మదిగా అప్పజెప్పి, మళ్లీ ఆగింది. ఆమె పక్కన బుద్ధిమంతుడు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి నిలబడ్డాడు. ఎర మింగారు అనుకున్నాను. లోపల ఎంత సంతోషమో.

"ఊ" అన్నాను, గట్టిగా, పక్క మంచానికి కూడా వినపడేట్టు.

రౌండు ముగించి, నాకు బయట మీటింగు ఉంది, ఇక రేపే వస్తానని అందరికీ చెప్పాను. మీటింగూ లేదు, ఏమీ లేదు. వీధి చివర టీ కొట్టులో గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ వయసులో, ఆ చదువుతో, పిల్లి ఎలుక కోసం కాచుకున్నట్టు కాచుకున్నాను. టీ చల్లారిపోయింది, తాగలేదు. భోజనాల వేళ దాటాక వెనక మెట్ల గుండా వార్డులోకి వచ్చాను.

టైలరు మంచం చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నారు. బుద్ధిమంతుడు, పెద్ద సిస్టర్, వాళ్లతో పాటు పెద్దాయన కూడా. కంచే చేను మేస్తుంటే ఇక చెప్పుకునేదెవరికి?

నన్ను చూసి ముగ్గురూ మాట ఆపేశారు. నేను మంచం దాకా నడిచి వెళ్లి బుద్ధిమంతుడి ఎదురుగా నిలబడ్డాను.

"ఎవరి ఆర్డరు మారుస్తున్నావు?"

వాడు పెద్దాయన వంక చూశాడు. ఆయన తల దించుకున్నాడు.

"మీదే మేడమ్."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. సిద్ధం చేసుకున్న మాటల్లో సగం దండగైపోయాయి. ఏం మార్చావో నీ నోటితోనే చెప్పమన్నాను.

"ఇంజెక్షన్ ఆపాను."

"ఇంజెక్షన్ సంగతి కాదు నేనడిగేది. మాత్ర సంగతి చెప్పు."

వాడికి అర్థం కాలేదు. పెద్ద సిస్టర్ వంక చూశాడు, మళ్లీ నా వంక చూశాడు. "మూడు పూటలా అన్నారు, ఆ మాత్రా? అది చూశాం మేడమ్. దానివల్ల ప్రమాదం లేదు కదా. మీరు బాధపడతారని దాన్ని కదపలేదు."

నా ఎర అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. మరి ఇంజెక్షన్ ఎందుకు ఆపినట్టు? అదే అడిగాను. మంచం మీద టైలరు దుప్పటి కింద నుంచి మెల్లగా చెయ్యి పైకెత్తి నాకు చూపించాడు.

మణికట్టుకి ఎర్ర పట్టీ. ఏదైనా మందు పడనివాళ్లకి మా ఆస్పత్రిలో ఎర్ర పట్టీ కడతారు, పడని మందు పేరు దాని మీద రాస్తారు. ఆ పట్టీ మీద పెన్సిలిన్ అని ఉంది.

పొద్దున నేను నాడి చూసింది ఆ చేతినే. నా వేళ్లు ఆ పట్టీకి ఆనుకునే ఉండి ఉంటాయి. పెద్ద సిస్టర్ రెండుసార్లు అప్పజెప్పి ఆగింది మాత్ర గురించి కాదు. అంతా ఒక్కసారిగా అర్థమవుతున్నా నా బుర్ర ఒప్పుకోలేదు. అనుమానం ఎంత పాడు రోగమో అప్పుడు నా నోటే విన్నాను.

"ఇది ఇప్పుడు కట్టారు. నన్ను ఇరికించడానికి, నేను బయటికి వెళ్లాక కట్టారు."

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. పట్టీ అంచులు మాసి, అరిగి, పీచు లేచిపోయి ఉన్నాయి. అది నాకూ కనిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు కాదమ్మా" అన్నాడు టైలరు. "నేను చేరిన రోజు కట్టింది. మీరే కట్టారు. వెనకటికి ఆ సూది పడి, ముఖం వాచి, ఊపిరాడక చచ్చి బతికానని చెప్తే ఇదిగో ఇక్కడ, నా పక్కన కూర్చుని అంతా విన్నారు. ఈ పట్టీ బొత్తం మీ చేత్తోనే నొక్కారు."

నేను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆయన చేరిన రోజు, ఆ మంచం, ఆ మాటలు. ఏమీ లేదు. ఒక్క ముక్క కూడా లేదు. మాట మరిచిపోవడం వేరు, మనిషి పక్కన కూర్చుని విన్న సంగతే మరిచిపోవడం వేరు. పెద్ద సిస్టర్ స్టూలు జరిపింది, దాని మీద కూలబడ్డాను.

తర్వాత పెద్దాయన గదిలో అన్నీ బయటికి వచ్చాయి. రెండో రౌండు ఆయన పెట్టించిందే. నేను కొత్తగా చెప్పిన మందేదైనా ఆ రౌండు అయ్యాకే ఇవ్వమని సిస్టర్లకి చెప్పి ఉంచాడట. అంతకుముందు ఒకరోజు నేను ఇంటికి వెళ్తూ సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయాను. వెనక వాళ్లు హారన్లు కొడితే, జనానికి ఓపిక లేకుండా పోయిందని ఇంటికొచ్చి మా ఆయనకి నేనే చెప్పాను. ఆయన ఆ మాట పట్టుకుని మర్నాడే పెద్దాయన దగ్గరికి వచ్చాడట. అప్పటికే బుద్ధిమంతుడు వార్డులో నా పొరపాట్లు కొన్ని గమనించి, ఎవరికి చెప్పాలో తెలియక మింగలేక కక్కలేక ఉన్నాడట. మా ఆయనకి వాడి ఫోన్లు అందుకు. ఇంట్లో నాకు ఎదురు చెప్పొద్దని మా ఆయన వాళ్లమ్మని బతిమాలుకున్నాడట. పాపం ఆవిడ, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంత కష్టపడిందో!

పనిభారంతో మనిషి లోపల అరిగిపోవడం, దీనికి పేరుంది, బర్నవుట్ అంటారు అన్నాడు పెద్దాయన. నాకు తెలియకపోతేగా. ఆస్పత్రి హాల్లో దాని మీద ఉపన్యాసం పెట్టించినప్పుడు వెనక వరుసలో కూర్చుని శుభ్రంగా నిద్రపోయాను. మనసు మొద్దుబారడం, అందరి మీదా విసుక్కోవడం, అందరూ శత్రువుల్లా కనిపించడం, ఇవన్నీ లక్షణాలని నా జూనియర్లకి నేనే చెప్పాను. అయినా అది ఎవరికో వచ్చే జబ్బనుకున్నాను.

"నా మొహం మీద ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

పెద్ద సిస్టర్ నెమ్మదిగా అంది. "చెప్పిన పిల్ల ఇప్పుడు కట్లు కడుతోంది మేడమ్."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. నిన్న ఆపమన్న మందే మళ్లీ చెప్తున్నారేమో అన్న ఆ పిల్ల మాట నిజమా అని అడిగాను. నిజమే అంది. ఆ మందు మళ్లీ పడకుండా ఆపి, అప్పుడు ఏడ్చుకుంటూ కట్లు కట్టే విభాగానికి వెళ్లిందట.

పెద్దాయన తన తప్పు కూడా ఒప్పుకున్నాడు. నన్ను ముందే ఆపాల్సిందట, ఆపితే వార్డు ఎవరు చూస్తారన్న భయంతో వెనకాల కాపలా పెట్టి నెట్టుకొచ్చాడట. రేపట్నుంచి సెలవు తీసుకోమన్నాడు. ఒక డాక్టరు పేరు చెప్పి, వెళ్లి మాట్లాడమన్నాడు. నేను దేనికీ కాదనలేదు. వార్డు ఎవరు చూస్తారని మాత్రం అడిగాను. ఆయన బుద్ధిమంతుడి వైపు చూపించాడు.

నేను అంతకాలం భయపడింది ఆ క్షణానికే. అది వచ్చేసింది. వాడి వంక చూశాను. కొన్ని వారాలుగా వాణ్ణి చూస్తూనే ఉన్నాను గానీ, దొంగని చూసినట్టు చూశాను. ఇప్పుడు రోగిని చూసినట్టు చూశాను. వాడి పెదవులు పగిలి ఉన్నాయి. కళ్ల కింద నలుపు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఆనుకోకపోతే నిలబడలేడు. పొద్దున నాతో ఒక రౌండు, మధ్యాహ్నం నా వెనక ఇంకో రౌండు, మధ్యలో వాడి సొంత పని. సాయంత్రం కేసులు ఎన్నున్నాయని పెద్దాయన అడిగితే చెప్పాడు. చెప్పిన వెంటనే, "ఏమడిగారు సార్?" అన్నాడు.

పెద్దాయన నవ్వి, నువ్వు తట్టుకోగలవా అన్నాడు.

"నాకేం సార్, నేను బాగానే ఉన్నాను."

"వాడి మాట నమ్మకండి" అన్నాను.

ముగ్గురూ ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. పాత గొడవ మళ్లీ మొదలుపెట్టాననుకుని ఉంటారు. బుద్ధిమంతుడి ముఖం వాడిపోయింది.

"ఇదే గదిలో ఇదే మాట నేనూ అన్నాను సార్. మీరు నమ్మినట్టు తలూపారు. వాణ్ణి కూడా నమ్మారనుకోండి, వాడి వెనకాల మూడో రౌండు ఎవరిచేత చేయిస్తారు?"

కొత్త డాక్టర్లు వచ్చే దాకా రెండు వార్డుల్లో సగం మంచాలు మూసేయమన్నాను. మూసేస్తే రోగులు ఎక్కడికి పోతారన్నాడు పెద్దాయన. తెరిచి పెడితే ఎక్కడికి పోతారో ఇందాక చూశాం కదా అన్నాను. ఆయన పెన్ను తిప్పుతూ, చూద్దాం అన్నాడు. 'చూద్దాం' అన్న మాటని నేను జన్మలో నమ్మను. కుర్చీలోంచి లేవలేదు. ఆయన ఫోన్ తీసి, ఆ సాయంత్రం నుంచి కొత్త కేసుల్ని వేరే ఆస్పత్రులకి పంపమని చెప్పేదాకా లేవలేదు. వాణ్ణి అప్పటికప్పుడు ఇంటికి పంపించి పడుకోమనే దాకా లేవలేదు. నా వార్డుని నా నోటితోనే సగం మూయించాను.

ఆ తర్వాత టైలరు దగ్గరికి వెళ్లాను. వద్దు, మేం చెప్తాం అన్నాడు పెద్దాయన. కానీ ఆ ముక్క ఇంకొకరు చెప్పేది కాదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. పొద్దున నేను చెప్పిన ఇంజెక్షన్ పడి ఉంటే ఏం జరిగేదో దాచకుండా చెప్పాను. నాకు ఒంట్లో బాగాలేదని, ఆ సంగతి నాకే తెలియదని చెప్పాను. మాత్ర సంగతి కూడా చెప్పాను, తోటి డాక్టర్ని పట్టుకోవడానికి మీ మందుని ఎరగా వాడాను అని. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన కళ్లలోకి చూడలేకపోయాను. పోనీలెండమ్మా అంటాడేమోనని లోపల ఎక్కడో ఆశ ఉంది.

ఆయన అనలేదు. చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"ఏమనుకోకండమ్మా. మీరు కట్టిన పట్టీ అని, దీన్ని చూసుకుని ధైర్యంగా పడుకునేవాణ్ణి. ఇక ఎవరేమిచ్చినా నాకు అనుమానమే."

"అనుమానించండి" అన్నాను. "ఎవరు ఏ మందు తెచ్చినా అదేమిటో, ఎందుకో అడగండి. చెప్పేదాకా చెయ్యి ఇవ్వకండి. విసుక్కున్నా అడగండి."

లేచి తలుపు దాకా వచ్చాను. వెనక పెద్ద సిస్టర్ ట్రే తీసుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్లింది. ఆయన చెయ్యి బయటికి తీయలేదు. అదేమిటో చెప్పమ్మా అని అడిగాడు. ఆమె మందు పేరు చెప్పింది, ఎందుకిస్తున్నారో చెప్పింది. ఆయన దుప్పటి అంచు తొలగించి, పట్టీ మీద పేరు రెండో చేతి వేలితో చూపించి, ఇది కాదు కదా అని మళ్లీ అడిగాడు. కాదు అని ఆమె మళ్లీ చెప్పింది. అప్పుడు చెయ్యి చాపాడు.

సరైన మందే. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చాను.